చేనిగట్టు ఎవరిది?

ఒకని సొత్తుపై ఇతరుల కంటికి హక్కు కలదా? ఈ ప్రశ్న వినుటకు వింతగా తోచవచ్చును. కాని ఇంగ్లండునకు నైరుతి మూలనున్న డెవన్ కౌంటీ చరిత్రను చూచినచో, ఇది రైతులను, శాసనకర్తలను గూడ చిరకాలము వేధించిన ధర్మసందేహమని తెలియును.

డెవన్ పల్లెసీమకు తన రూపము నొసగినవి దాని కంచెలు. అవి మన ముళ్లకంచెల వంటివి కావు. మట్టితో గట్టు పోసి, ప్రక్కలకు రాయి గాని పచ్చికగడ్డ గాని పేర్చి, దానిపై హేజెల్, హాథార్న్ మొదలగు పొదలను పెంచెదరు. ఇట్టివి ఆ కౌంటీలో సుమారు 53,000 కిలోమీటర్లు కలవని లెక్క. వానిలో అనేకములు మధ్యయుగములనాటివి. పశువులకు హద్దు, గాలికి అడ్డు, వాలునేలలో మట్టికి ఆపు, పక్షులకు నెలవు; ఇన్ని పనులు ఒక్క గట్టు చేయుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనునందు ఆహారోత్పత్తిని పెంచవలసి వచ్చెను. పెద్ద యంత్రములు తిరుగుటకు పెద్ద చేలు కావలసెను. కంచెలు తీసివేయు రైతునకు ప్రభుత్వమే ధనసహాయ మొసగెను. దేశమున వేలాది మైళ్ల కంచెలు నేలమట్టమయ్యెను. ఆ రైతును నిందించుట న్యాయము కాదు. పదిమందికి అన్నము పండించుట అధర్మమగునా? అయితే తరతరములు పెంచిన గట్టును యంత్రము ఒక్క దినమున పెరికివేయును. దానిని మరల అట్లే చేయుటకు ఒక జీవితకాలము చాలదు. తిరిగి సరిదిద్దరాని పనియందు తొందర తగదను నీతిని ఆ అనుభవము నేర్పినది.

కనుకనే 1997లో ఇంగ్లండు, వేల్సులకు కంచెల రక్షణ నిబంధనలు వచ్చెను. సామాన్యముగా 20 మీటర్లకు తగ్గని పల్లెకంచెను తొలగింపదలచినవాడు ముందుగా స్థానికాధికారులకు తెలుపవలెను. అది 30 ఏండ్లకు తక్కువ కానిదై, చరిత్రరీత్యా గాని జీవజాతులరీత్యా గాని ముఖ్యమైనదైనచో వారు ఆపవచ్చును. ఇంగ్లండునందు 2024లో వచ్చిన నిబంధనలు, పక్షులు గూళ్లు కట్టు కాలమగు మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు, కొన్ని మినహాయింపులతో, వ్యవసాయభూముల కంచెలను కత్తిరింపరాదని విధించెను.

ఇచట రైతు ఇట్లడుగవచ్చును: “బాటసారి చూచి ఆనందించుటకు నా చేను ఇరుకు కావలెనా?” ఇది త్రోసివేయదగిన మాట కాదు. అందము అందరిదై, నష్టము ఒక్కనిదగుట న్యాయము కాదు. కంచెలను పోషించు రైతులకు ప్రజాధనమునుండి కొంత చెల్లించు పద్ధతి అచట ఏర్పడుటకు కారణ మిదియే. చూచువాడు గూడ కొంత భరించినగాని చూచుటకు హక్కు నిలువదు.

మరొక మాట. కాపాడుట యనగా తాకకుండుట యని కొందరి తలంపు. తాకక విడిచిన కంచె ఏపుగా చెట్లై పెరిగి, అడుగున బోడియై సందులిచ్చును. అందుచే డెవన్ రైతు కొన్నేండ్ల కొకసారి, చలికాలమున, కాండములను మొదట తెగీతెగనట్లు నరికి, గట్టు వెంబడి వంచి పరచును. వసంతమున వాని నుండి క్రొత్త చిగుళ్లు లేచి కంచె దట్టమగును. పాడుచేయువాని చేతిలోను, కాపాడువాని చేతిలోను ఆయుధ మొక్కటే. ఎంతవరకు నరుకవలెనో యెరుగుటయందే భేదము.

కాబట్టి చేనిగట్టు రైతుదే. కాని అతడు దానిని పోసినవాడు కాడు, పెద్దలనుండి పొందినవాడు. అనుభవించు హక్కు అతనిది. వచ్చువారికి అప్పగించు బాధ్యతయు అతనిదే. ఆ బాధ్యత భారము కాకుండ తోడ్పడుట మిగిలినవారి ధర్మము.