సొరంగములోని భయము



పాత సొరంగమున్న చోట దయ్యపు కథ యొకటి ఉండనే యుండును. అట్టి కథను పిల్లలకు చెప్పవచ్చునా అని కొందరడుగుదురు. మేము మరియొక ప్రశ్న వేయుచున్నాము: ఆ కథ చనిపోయినవారిని జ్ఞాపకము చేయుచున్నదా, మరుగుపరచుచున్నదా?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు, నార్త్ ఆడమ్స్ పట్టణము దగ్గర హూసాక్ అను రైలు సొరంగమున్నది. పొడవు సుమారు 7.6 కిలోమీటర్లు. పని 1851లో మొదలాయెను. 1875లో మొదటి రైలు దానిగుండా వెళ్లెను. ఆ పనిలో అనేకులు చనిపోయిరి. లోపల మూలుగులు వినబడునని, దీపములు కదలాడునని అక్కడివారు చెప్పుకొందురు.

1867 అక్టోబరు 17న జరిగిన సంగతి చూడుడి. కొండమీదనుండి త్రవ్వుచున్న నిలువు బావి అప్పటికి 538 అడుగుల లోతుండెను. పైనున్న షెడ్డులో నాఫ్తా ఆవిరికి నిప్పంటుకొనగా, మండుచున్న కొయ్యలు, పనిముట్లు బావిలో పడెను. అడుగున 13 మంది యుండిరి. నీరు తోడు పంపులు ఆగిపోయెను. త్రాటితో దిగిన యొక పనివాడు విషవాయువుకు సొమ్మసిల్లి, ఆశ లేదని చెప్పెను. మరుసటి సంవత్సరము నీరు తోడి దిగినప్పుడు, కొందరి శవములు తెప్ప మీద కనబడెను. అనగా తెప్ప కట్టుకొనునంత సేపు వారు బ్రదికియుండిరి.

దయ్యపు కథకు మూలుగు చాలును, తెప్ప అక్కరలేదు. అన్యాయమునకు గురియైనవానినే అది మనలను భయపెట్టువానిగా మార్చివేయును. బ్రదికినప్పుడు కూలివాడు, చచ్చిన తరువాత దయ్యము. రెండుసార్లును అతడు మనిషిగా లెక్కకు రాలేదు.

అయితే ఆ కథయే లేనియెడల ఊరు వారిని బొత్తిగా మరచియుండునని యొకరు అనవచ్చును. అది నిజమే. గనుక పిల్లవానిని గద్దింపక, కథను చివరివరకు చెప్పుదము. ప్రాణమునకు తెగించి త్రాటితో దిగినవానిమీద నింద లేదు. పైకి వచ్చుటకున్న ఒకే దారి మీద మండెడి సరకు ఉంచినదెవరని అడుగవలెను. భయము ఆ ప్రశ్న అడుగదు, జ్ఞాపకము అడుగును.

మన తెలుగువారిలో కోలారు బంగారు గనులలో దిగిన కుటుంబములున్నవి. ఆ గనులు 2001లో మూతపడెను. దిగి తిరిగి రానివారి పేర్లు ఇంటి పెద్దలకు ఇంకను తెలిసియుండవచ్చును. వారిని అడిగి వ్రాసి పెట్టుకొందము. పేరు తెలిసినవాడు ఎవరికిని దయ్యము కాడు.