ఒళ్ళు ఇచ్చిందేది? ఊరు నేర్పిందేది?



ఉపాసక ఉపాసికలారా,

కాన్పు కాగానే నర్సమ్మ "ఆడపిల్ల" అంటుంది. బిడ్డ ఒంటిని చూసి చెప్పిన మాట అది. అది లింగం. గర్భసంచి, బీజకోశాలు ప్రకృతి ఇచ్చినవి. ఆడ, మగ అని తేల్చలేని శరీరంతో పుట్టే పిల్లలూ ఉన్నారు. అదీ ప్రకృతే.

"ఆడపిల్లవి, గట్టిగా నవ్వకు." "నీకు పై చదువెందుకు?" ఈ మాటలు ఒంట్లో ఎక్కడున్నాయి? మనం నేర్పినవి ఇవి. దీన్నే జెండర్ అంటారు. ఏడ్చే మగపిల్లాణ్ణి "ఆడదానిలా ఏంట్రా" అని కసరడం కూడా అదే.

ఇంట్లో అంట్లు తోమడం ఆడవాళ్ళ పని అంటాం. హోటల్లో జీతమిస్తే మగవాళ్ళే తోముతారు. చెయ్యి మారిందా? లేదు. రూలు మారింది.

ఈ మోసం మనకు తెలియనిదా? పుట్టుకను చూపించే కదా మనకు పని, చోటు ఖాయం చేశారు! ఒంట్లో లేని మైలను మన మీద వేశారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనల్ని దాని నుంచి బయటికి నడిపించారు. మరి ఆ కొలతతోనే మన కూతుర్ని కొలవడం ఏం న్యాయం?

సంయుత్త నికాయంలో సోమా భిక్షుణి సంగతి ఉంది. శ్రావస్తి దగ్గర అంధవనంలో ఆమె ధ్యానానికి కూర్చుంటే మారుడొచ్చాడు. రెండు వేళ్ళ తెలివి గల ఆడది అంత ఎత్తుకు చేరలేదని బెదిరించాడు. ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూసే తెలివే ఆమెదని వాడి ఎగతాళి. మనసు నిలిచి ధమ్మాన్ని చూసేవారికి ఆడతనం అడ్డేమిటని సోమ నిలదీసింది. మారుడు మాయమయ్యాడు. మారుడంటే ఎక్కడో లేడు, "ఆడదానివి, నీవల్ల కాదు" అనే నోట్లోనే ఉన్నాడు.

ఒంటి మీది గుర్తు ఒకటి, మనసు చెప్పేది మరొకటి అయిన బిడ్డలూ మన మధ్య ఉన్నారు. తమ జెండర్ తామే చెప్పుకునే హక్కు వాళ్ళకుందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అలాంటి బిడ్డను కొట్టి గెంటేస్తే మన మైత్రి ఏమైనట్టు? తిట్టుపేరు పెట్టి పిలిస్తే సమ్యక్ వాక్కు ఏమైనట్టు?

గోడ మీద బుద్ధుడి పటం పెట్టడంతో ఇల్లు మారదు. ఈ ఆదివారం విహారం నుంచి వెళ్ళాక చూడండి: మీరు తిన్న కంచం ఎవరు కడుగుతున్నారు? అన్నా, ముందు అక్కడ మొదలుపెట్టు.

జై భీమ్!