కిటికీ యొద్ద సంతోషము

ధ్యానమునకు: రోమా 12:8, 15, నిర్గమకాండము 18:13–23



తెల్లవారుజామున ఆళ్లగడ్డలో బస్సు ఎక్కినవారు సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణము చేసి నంద్యాల చేరుదురు. వారిలో జబ్బుచేసి ఆసుపత్రికి వచ్చువారు అనేకులు. వీరు డాక్టరుగారి ముఖము చూచుటకు ముందు వేరొక ముఖము చూడవలెను. అది ఓ.పి. చీటీలు వ్రాయు గుమాస్తా ముఖము.

2007లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనప్పటినుండి బీదలకు పెద్ద వైద్యము అందుబాటులోనికి వచ్చినది. దేవునికి స్తోత్రము. దానితోపాటు కార్డులు, అనుమతులు, కంప్యూటరులో ఎక్కింపవలసిన వివరములును వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైనది. 2023 సెప్టెంబరులో ఇచ్చట ప్రభుత్వ వైద్య కళాశాల తెరువబడినది. ఊరు పెద్దదైనను, కిటికీ వెనుక కూర్చున్నవానికి మాత్రము రెండు చేతులే గదా!

నేనును కొంతకాలము అట్టి కిటికీ వెనుక కూర్చున్నవాడను. ఒక సోమవారము, వరుస వాకిలి దాటియుండగా, రుద్రవరం దిక్కునుండి ఒక అవ్వ వచ్చెను. రేషను కార్డులో ఒక పేరు, ఆధారు కార్డులో ఇంకొక పేరు. నేను తలయెత్తకయే, "సరిచేయించుకొని రా, పో" అంటిని. ఆమె కదలలేదు. "పేర్లు రెండుండాయి గానీ నాయనా, నొప్పి ఒకటే" అనెను. వరుసలోనివారు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. అప్పుడు మొదటిసారి ఆమె ముఖము చూచితిని. అంతవరకు ఆమె కార్డులనే చూచియుంటిని. లేచి ఆమెను ఆరోగ్యమిత్ర యొద్దకు తీసికొనిపోతిని. ముందు డాక్టరుగారికి చూపించుడి, పేరు సంగతి తరువాత చూతము అని ఆయన చెప్పెను. పది నిమిషములు పోయెను, వెనుకవారు గొణిగిరి, నా పని ఏమియు తగ్గలేదు. అయినను ఆ దినమెల్ల నా మనస్సు తేలికగా నుండెను. ఇది ఎట్లు కలిగెనని చాలకాలము ఆలోచించితిని.

ఒక ప్రశ్న తప్పక పుట్టును. అలసి విసిగినవాడు నవ్వుముఖము పెట్టుకొనుట వేషధారణ కాదా? పౌలు రోమీయులకు వ్రాయుచు, కరుణ చూపు పనిని సంతోషముతో జతపరచెను. అదే అధ్యాయములో కొంత దిగువను, ఏడ్చువారితో కూడ ఏడ్వుమనెను. బిడ్డను పోగొట్టుకొని మరణ ధృవపత్రమునకై వచ్చిన తండ్రి యెదుట పళ్లు చూపువాడు సంతోషి కాడు, కఠినుడు. కాబట్టి అపొస్తలుడు కోరినది నవ్వు కాదు. "నీవు నాకు బరువు కావు" అని ఎదుటివానికి తెలియజేయు మనస్సే ఆ సంతోషము. అర్ధరాత్రి జ్వరముతో ఏడ్చు బిడ్డకొరకు లేచిన తల్లికి నిద్ర చాలదు, నడుము నొప్పి. అయినను బిడ్డను కసరదు. ఆమెను వేషధారి అని ఎవడైన అనునా?

వరుసంతయు చూచిన గుండె జారును. అయితే ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టి కూర్చున్నప్పుడు చూడుడి. బండ యెంత పెద్దదైనను ఒకసారి ఒక్క దెబ్బయే. మనకును ఒకసారి ఒక్క మనిషియే. ఆ మనిషిని ప్రభువు మనయొద్దకు పంపెనని యెంచినచో, అదే పని వేరుగా కనబడును.

అయితే ఈ మాటను మరియొకరి మెడకు కాడిగా కట్టరాదు. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు జనులు మోషే చుట్టు నిలిచియుండగా, ఆయన మామ యిత్రో వచ్చి చూచెను. సంతోషముగా నుండుమని అతడు అల్లునికి బోధింపలేదు. ఈ పద్ధతి మంచిది కాదు, నీవును నలిగిపోదువు, జనులును నలిగిపోవుదురు అని హెచ్చరించి, వెయ్యిమందికి, నూరుమందికి, యేబదిమందికి, పదిమందికి అధిపతులను నియమింపుమనెను. నలిగినవాని కిటికీ యొద్ద రోగియు నలుగును. ముగ్గురి పనిని ఒకనిమీద మోపి, చిరునవ్వుతో సేవచేయుడని గోడకు బోర్డు తగిలించు పెద్దలు ఈ అధ్యాయము చదువవలెను. పనివాడును, "నావల్ల కాదు, తోడు కావలెను" అని చెప్పుటను అవిశ్వాసముగా తలంపరాదు. మోషే మామ మాట వినెను గదా! భోజనమునకైనను తీరిక లేని శిష్యులను ప్రభువే విశ్రాంతికి పిలిచెను (మార్కు 6:31). మధ్యాహ్నము క్యారియరు విప్పక సాయంకాలము ఇంటికి తిరిగి తెచ్చుట భక్తి కాదు.

సహోదరులారా, ఆసుపత్రి కార్యాలయములలో పనిచేయు విశ్వాసులు మన సంఘములలో ఉన్నారు. కిటికీ తెరచుటకు ముందు, రాబోవు మొదటి మనిషి కొరకు ఒక్క మాట ప్రార్థించుడి. కార్డు అందుకొనుటకు ముందు ముఖము చూడుడి. చేయగలిగినది చేసి, మిగిలినది సాయంకాలము దేవుని చేతికి అప్పగించి ఇంటికి పొండు.

వరుసలో నిలుచు మనకును ఒక పని యున్నది. చీటీ తీసికొనునప్పుడు ఆ గుమాస్తా ముఖమును చూచి, "అన్నం తిన్నావా నాయనా?" అని అడుగుదము. అతడును ఎవరికొరకో క్రీస్తు ప్రాణము పెట్టెనో ఆ జనులలో ఒకడే.