బీపీ, షుగర్ తలరాతేనా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీపీ, షుగర్ బయటపడితే తలరాత అని సరిపెట్టుకోవడం పరిపాటి. లెక్కలు మరో మాట చెబుతున్నాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలోని వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నాయి. ఇంతమందికీ ఒకే తలరాత ఉంటుందా? ఉప్పు, పొగాకు తగ్గించి, ఒంటికి కాస్త పని చెబితే ముప్పూ తగ్గుతుంది. మార్చగలిగినదాన్ని విధి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆయుష్షుకు దైవంతో పాటు పురుషకారమూ, అంటే మనిషి ప్రయత్నమూ, కారణమేనని చరక సంహిత సైతం అంగీకరించింది.

అలాగైతే తప్పంతా రోగిదేనా? కాదు. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా తునికాకులో పొగాకు చుట్టే బీడీ కార్మికురాలు ఆ పనిని సరదాకి ఎంచుకోలేదు. కాబట్టి పురుషకారం ఊరందరిదీ. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పరీక్షకు పిలవడం, పీహెచ్‌సీలో మందులు ఆగకుండా అందడం, బీడీకి బదులు మరో ఉపాధి దొరకడం కూడా ధర్మాచరణే.