ఆరోగ్యవిషయమున ఆప్తవాక్యము



ఇంట ఒకరికి జ్వరము సోకెనేని, ఇరుగుపొరుగువారి చిట్కాలకును, ఫోనున వచ్చిపడు సందేశములకును అంతుండదు. వానిలో ఏది హితమో ఏది అహితమో తేల్చుకొనుటయే దుష్కరమగును.

అట్టివేళ ఆశ్రయింపదగిన తావు గ్రంథాలయము. ఇందుకొక నిదర్శనము: 1836లో అమెరికా సైన్యపు ప్రధాన వైద్యాధికారి కార్యాలయమున కొలది పుస్తకములతో మొదలై, జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యుని దీక్షచే పెంపొంది, ఆతడు 1879లో ఆరంభించిన ‘ఇండెక్స్ మెడికస్’ అను సూచికతో లోకమందలి వైద్యపత్రికలకు దారిచూపిన ఆ సంగ్రహమే నేటి అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము. వైద్యులకై వెలసిన ఆ విద్యానిధి, 1998 నుండి ‘మెడ్‌లైన్ ప్లస్’ పేర అంతర్జాలమున, వ్యాధుల లక్షణములను, ఔషధముల గుణదోషములను, పరీక్షల ప్రయోజనములను, వాణిజ్య ప్రకటనల స్పర్శ లేక, సామాన్యులకును ఉచితముగ తెలుపుచున్నది.

మన ఊరి గ్రంథాలయమున వైద్యగ్రంథము చేతబట్టినను విచారింపవలసినవి ఇవి: వ్రాసినవాడెవడు? ఎన్నడు వ్రాసెను? వ్రాసి ఏమి అమ్మజూచుచున్నాడు? ఇరువదియేండ్లనాటి కావ్యమునకు వన్నె తరుగదు గాని, ఇరువదియేండ్లనాటి వైద్యసలహా ప్రాణముమీదికి తేవచ్చును.

గ్రంథపాలకుడు రోగనిర్ణయము చేయడు. నమ్మదగిన పుటను మాత్రము చూపగలడు. ఆ పుట చదివి, సందేహములు కాగితమున వ్రాసికొని వైద్యుని కడకేగిన రోగి, తన చికిత్సలో తానును భాగస్వామి యగును.