కుడిచేతి నేర్పు

137వ కీర్తన చదువునప్పుడెల్ల మనము బబులోను నదుల యొద్ద ఏడ్చినవారిని, చెట్లకు తగిలించిన సితారాలను తలంచుకొందుము గాని, ఆ కీర్తనకారుడు తనమీద తాను పెట్టుకొనిన ఒట్టును అంతగా లక్ష్యపెట్టము. యెరూషలేమును మరచినయెడల తన కుడిచేయి తన నేర్పును మరచిపోవలెనని అతడు కోరుకొనెను. వాద్యము వాయించువానికి ఇంతకంటె పెద్ద శిక్ష లేదు. అయితే ఏ ఒట్టును తప్పనివానికి రోగము వచ్చి ఆ నేర్పును తీసికొనిపోయినయెడల ఏమి? అందులో కొంతమట్టుకే తిరిగి వచ్చినయెడల, అతడు మరల జనుల యెదుట కూర్చుండవచ్చునా?

హల్లెలూయ బృందగానమును మనలో అనేకులు వినియున్నారు. దానిని కూర్చిన హాండెల్ 1685లో జర్మనీ దేశమందలి హాలె పట్టణములో పుట్టి లండనులో స్థిరపడినవాడు. 1737 ఏప్రిలులో, 52 ఏండ్ల ప్రాయమున, అతనికి పక్షవాతము తగిలి కుడిచేయి పడిపోయెను. ఆర్గాను వాయించుటలో గొప్ప పేరు పొందిన చేయి అది. ఆ సెప్టెంబరులో అతడు ఆఖెన్ పట్టణపు వేడినీటి ఊటలకు పోయి, ఇతరులు కూర్చుండు కాలమునకు మూడంతలు ఆ ఆవిరిలో కూర్చుండెనట. స్వస్థుడై ఆర్గాను వాయించగా అక్కడి సన్యాసినులు అద్భుతమని యెంచిరని 1760లో అచ్చయిన అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. అద్భుతమో, నీళ్ల గుణమో, మేము తీర్పు చెప్పము. 1741లో అతడు 24 దినములలో 'మెస్సీయ'ను కూర్చెను. 1742 ఏప్రిలు 13న డబ్లినులో దానిని మొదట వినిపించినప్పుడు వచ్చిన సొమ్ము అప్పులకై చెరసాలలోనున్న ఖైదీలకును, ఆసుపత్రులకును పోయెను.

ఇంతవరకు సాక్ష్యకూటములో చెప్పుటకు అనువైన కథయే. మనము సాధారణముగా ఇక్కడనే ఆపుదుము. అతని కథ ఇక్కడ ఆగలేదు.

1751లో అతడు న్యాయాధిపతుల గ్రంథములోని యెఫ్తా కథను సంగీతముగా కూర్చుచుండెను. దేవుని నిర్ణయములు మనుష్యులకు ఎంత చీకటిగా నుండునో చెప్పు బృందగానము నొద్దకు వచ్చినప్పుడు, అతని ఎడమకన్ను మసకబారెను. ఫిబ్రవరి 13న, కంటి బలహీనతవలన ఇక సాగలేకున్నానని ఆ కాగితముమీదనే తన మాతృభాషలో వ్రాసికొనెను. పది దినములకు కొంచెము మేలనిపించి మరల మొదలుపెట్టెను గాని, ఆగస్టు నెలాఖరుకు గాని పని ముగియలేదు. 24 దినములలో 'మెస్సీయ'ను ముగించినవాడు! శస్త్రచికిత్స చేయించుకొనెను; ఫలింపలేదు. 1753 నాటికి చూపు పూర్తిగా పోయెను.

అయినను సభలు మానలేదు. మొదట జ్ఞాపకమునుబట్టి వాయించెను. తరువాత వాద్యబృందమునకు వారి భాగము మాత్రమిచ్చి, తన భాగమును అప్పటికప్పుడు కల్పించి వాయించుచుండెను. అతడు ఎక్కడ ముగించునో వారికి తెలియదు గనుక, స్వరమును కంపింపజేసి అతడు గురుతు ఇచ్చువరకు అందరు చేతులు కట్టుకొని కనిపెట్టుచుండిరి. అతనిని ఎరిగిన చార్లెస్ బర్నీ ఈ సంగతులు వ్రాసెను. ఆ వృద్ధుని చేయిపట్టి ఆర్గాను నొద్దకు నడిపించుటయు, పిమ్మట జనులకు నమస్కరించుటకై వారి తట్టు త్రిప్పుటయు చూచి, సున్నిత హృదయుల మనస్సు ఎంతో నొచ్చి, వినుటలోని సంతోషము తగ్గిపోయెనని కూడ ఆయనే వ్రాసెను.

ఈ మాట మమ్మును గ్రుచ్చినది. తగ్గినది వాయించువాని నేర్పు కాదు, వినువారి సంతోషము.

మా సంఘములో హార్మోనియము వాయించు పెద్దకు పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పెను. ఆయన లేచి నడచినందుకు కృతజ్ఞతకూటము పెట్టితిమి. ఆ తరువాతి ఆదివారము ఆయన వాద్యమువైపు నడువగా, "తాతగారూ, మీరు విశ్రాంతి తీసికొనండి, మనుమడున్నాడు గదా" అంటిమి. ఆయన ఏమియు అనక వెనుక చాపమీద కూర్చుండెను. ప్రేమతోనే అంటిమనుకొంటిమి. నిజమునకు ఆయన తడబడుట చూడలేనివారము మేము. ఆయనకు విశ్రాంతి అని పేరుపెట్టి మా కన్నులకు విశ్రాంతి ఇచ్చుకొంటిమి.

కూటము ముగిసిన పిమ్మట ఒక సహోదరుడు మలాకీ గ్రంథమును తెరచెను. గ్రుడ్డిదానిని కుంటిదానిని అర్పింపరాదని ప్రవక్త గద్దించెను గదా, దేవునికి మంచి పాటయే ఇయ్యవలెను గదా అనెను. త్రోసివేయదగిన మాట కాదు. పాట చెడితే వందమంది తడబడుదురు. అయితే అదే అధ్యాయమును చివరవరకు చదివితిమి. మందలో మంచిది ఉండగా చెడ్డదానిని తెచ్చిన వంచకుని గూర్చి ప్రవక్త మాటలాడుచున్నాడు. రెండు చేతులుండి ఒకదానిని దాచుకొన్నవాడు వేరు, ఒక చేయి మాత్రమే మిగిలి దానిని తెచ్చినవాడు వేరు. ఈ పెద్ద తన మందలో ఉన్న మంచిదే తెచ్చెను. మేము గుమ్మమునొద్దనే దానిని త్రిప్పి పంపితిమి.

హాండెల్ 1759 ఏప్రిలు 6న 'మెస్సీయ' సభకు వచ్చి, 14న కన్నుమూసెను. చూపు తిరిగి రాలేదు. 1737లో చేయి వచ్చినప్పుడు దేవుని స్తుతించుట సుళువు. ఈ రెండవ రాకను మనము ఏ కూటములో చెప్పుదుము?

మేము వెళ్లి ఆ పెద్దను అడిగితిమి. రెండు వారములు ఆయన రాలేదు. మేము ఆయన స్థానములోనుంటే మేమును రాకపోదుము. మూడవ వారము వచ్చెను. ఇప్పుడు మనుమడు ఎదుట కూర్చుండి తిత్తి వేయుచున్నాడు, తాతగారు ఎడమచేతితో మెట్లు నొక్కుచున్నారు. కీర్తన కొంచెము మెల్లగా సాగుచున్నది. ఆయన చివరి మెట్టు వదలువరకు మేము తరువాతి చరణము ఎత్తుకొనము.