కనబడకపోతే లేనట్టేనా?

ఒకే సర్వర్‌ను భద్రతా లోపాలను వెతికే రెండు మూడు స్కానర్లతో పరీక్షించి, వచ్చిన నివేదికలను స్క్రిప్టుతో కలిపేటప్పుడు తర్కశాస్త్రంలోని ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది: లోపం కనబడలేదంటే లేనట్టేనా? తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, ఏడో పదార్థంగా లెక్కించాడు. దాన్ని పట్టిచ్చే అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, భాట్ట మీమాంసకులు జ్ఞానానికి ప్రత్యేక ప్రమాణమన్నారు; నైయాయికులు ప్రత్యక్షానికి తోడుగా మాత్రమే ఒప్పుకున్నారు. అయితే ఉంటే కనబడి తీరే పరిస్థితిలో చూసి ఉండాలన్న షరతు ఇద్దరిదీ.

ఈ షరతు ఎంత గట్టిదో గోదావరి ఏటిగట్టు మీద తెలుస్తుంది. వేసవిలో ఏరు అడుగంటినప్పుడు గట్టు లోపల ఎలుకలు తవ్విన బొరియ ఉన్నా ఊట కనబడదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగురవేస్తారు. నీరు గట్టును ఒరుసుకుంటున్న ఆ వేళ అవతలి వాలు పొడిగా ఉందంటేనే ఆ మాటకు విలువ. 1986 ఆగస్టు వరదకు గట్లు తెగిన డెల్టాలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది.

స్కానరుదీ అదే స్థితి. లాగిన్ ఇవ్వకపోతే దానికి సర్వర్ లోపలి ప్యాకేజీలు కనబడవు. ఫైర్‌వాల్ మూసిన పోర్టు వెనక ఏముందో తెలియదు. ఆ ఖాళీల్లో స్క్రిప్టు “లోపం లేదు” అని నింపితే అది అబద్ధమే. చూసి లేదన్నదీ, అసలు చూడనిదీ వేర్వేరుగా నమోదు కావాలి.

రెండు నివేదికలు ఏకీభవించినా చిక్కే. ఐపీ చిరునామా, పోర్టు, లోపాన్ని గుర్తించే సీవీఈ సంఖ్య కలిస్తే స్క్రిప్టు రెండింటినీ ఒకే వరుస చేస్తుంది; అది సబబే. అంతమాత్రాన సాక్షులు ఇద్దరని కాదు. 2005లో నెస్సస్ అనే స్కానర్ మూల కోడ్ మూతపడ్డాక, అప్పటిదాకా స్వేచ్ఛగా దొరికిన కోడ్ నుంచే ఓపెన్‌వాస్ అనే మరో స్కానర్ పుట్టింది. పైగా ఏ స్కానరైనా చాలాసార్లు వెర్షన్ సంఖ్య చదివి లోపాన్ని ఊహిస్తుంది. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు డెబియన్ 7 లినక్స్ దాన్ని 1.0.1ఇ వెర్షన్‌లోనే ఉంచి మరమ్మతు చేసింది. వెర్షన్ పాతదే, లోపం మాత్రం పోయింది. సాధించాల్సింది లేనిచోట కూడా ఉండే ఇలాంటి హేతువును తార్కికులు సవ్యభిచారమంటారు. ఒకే దుష్టహేతువును నమ్మిన ఇద్దరూ కలిసి పొరబడతారు. అందుకే కలిపిన వరుసలో లోపాన్ని నేరుగా పరీక్షించి పట్టారా, వెర్షన్‌ను బట్టి అనుమానించారా అన్నది మిగలాలి.

గత నెల ఉన్న లోపం ఈ నెల నివేదికలో లేకపోతే ప్రధ్వంసాభావం, అంటే ఉండి నశించింది, అనుకోవడం సహజం. సర్వర్ ఆపేసి ఉన్నా అదే ఖాళీ వస్తుంది. సర్వర్ పలికిందనీ, అదే తనిఖీ అవే అనుమతులతో మళ్లీ నడిచిందనీ నివేదికలో ఉంటేనే స్క్రిప్టు పాత వరుసను మూసివేయాలి.